బియ్యం ధర ఎక్కడ రాస్తున్నరు?

(ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ కార్మికులూ, జిల్లాల నుంచి వచ్చిన గ్రామ కార్యకర్తలూ కలిసి కూర్చున్న సమావేశంలో ఇచ్చిన ఉపన్యాసం. మాట్లాడిన తీరును మార్చకుండా, కొన్నిచోట్ల కుదించి అచ్చువేస్తున్నాం.)



నన్ను పిలిచినోళ్ళు ఈ ఉపన్యాసానికి పెద్ద పేరు పెట్టిన్రు: ఆర్థిక సంక్షోభాలు, ప్రజాస్వామ్యం, పార్టీల రాజకీయాలు. ఆ పేరు వింటేనే సగం మంది చాయ్ తాగడానికి లేచిపోతరు. అందుకని బియ్యం బస్తా దగ్గర్నుంచి మొదలుపెడుత. ఈ గంజ్‌లో బస్తాలు మోసేటోళ్ళకు బియ్యం ధర గురించి నేను చెప్పేదేం లేదు. ఆ ధర ఎవరు నిర్ణయిస్తున్నరు, ఏ గదిలో కూర్చొని రాస్తున్నరు, ఆ రాతలో మన ఓటుకు ఎంత వాటా ఉంది అనేదే నేను మాట్లాడాలనుకున్నది. నా మాట ఒకటే. కష్టకాలం వచ్చినప్పుడు మన ఓటును ఎవరూ గుంజుకోరు. ఓటు మన చేతిలనే ఉంటది. నిర్ణయం మాత్రం మన చెయ్యి అందని చోటికి పోతది.

సంక్షోభం అనేది పేపరోళ్ళ మాట. సర్కారుకు డాలర్లు తక్కువైతే సంక్షోభం అంటరు. బ్యాంకు మునిగితే సంక్షోభం అంటరు. వాడలో కూలి దొరకక నెలకు పది రోజులు పొయ్యి వెలగకపోతే దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలువరు. ఇది మనసులో పెట్టుకొని మిగతాది వినండి.

మన దగ్గరి కథే చూద్దాం. 1978 నుంచి 1983 దాకా ఐదేళ్ళలో కాంగ్రెసు ఈ రాష్ట్రానికి నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది. 1982 మార్చిలో తెలుగుదేశం పుట్టింది. ఎన్‌టీఆర్ ఊరూరూ తిరిగి కిలో బియ్యం రెండు రూపాయలకే ఇస్తానన్నడు. ఆ మాటకు భయపడి కోట్ల విజయభాస్కరరెడ్డి సర్కారు ఎన్నికల ముంగటనే రూపాయి తొంభై పైసలకు ఇవ్వడం మొదలుపెట్టింది. పది పైసలు తక్కువకే ఇచ్చినా జనం నమ్మలేదు. 1983 జనవరిలో కాంగ్రెసు ఓడింది. ఏప్రిల్‌లో రెండు రూపాయల బియ్యం వచ్చింది. మనిషికి ఐదు కిలోలు, ఇంటికి పాతిక కిలోల దాకా.

ఇది ఎన్‌టీఆర్ దయ అని కొందరు ఇప్పటికీ అంటరు. నేనట్ల అనను. రెండు పార్టీలు పది పైసల కోసం పోటీపడ్డయంటే, ఆ ఏడాది బియ్యం ధర ఓటు భయంతో రాసిన ధర. దాని ఫలితం తిండి దగ్గరనే ఆగలేదు. ఇంట్ల పాతిక కిలోల బియ్యం ఉన్న కూలిమనిషి దొర చెప్పిన రేటుకు తెల్లారే పనికి పోనక్కర లేదు. నాలుగు రోజులు ఆగి, "ఇంత ఇస్తేనే వస్తం" అనొచ్చు. "రెండు రూపాయల బియ్యంతో కూలోళ్ళకు బద్ధకమొచ్చింది" అని భూములున్నోళ్ళు అప్పట్ల ఎందుకు గోలచేసిన్రో పెద్దోళ్ళకు యాదికుండే ఉంటది. బద్ధకం గాదు, అది బేరమాడే బలం. అయితే ఇంకో మాట గూడ చెప్పాలె. అదే పాలనలో 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన్రు. రేషన్ బియ్యం గొడ్డలిని ఆపలేదు.

ఇక 1991. అప్పు మీద అప్పు, పైన గల్ఫ్ యుద్ధంతో పెరిగిన చమురు ధర. దేశం చేతిలో ఉన్న విదేశీ సొమ్ము కొన్ని వారాల దిగుమతులకే సరిపోయే స్థితికి వచ్చింది. దాదాపు 47 టన్నుల బంగారాన్ని ఇంగ్లండు, జపాను కేంద్ర బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టిన్రు. జూన్ 21న మన పీవీ నరసింహారావు ప్రధాని అయిండు. ఆయన సర్కారుకు లోక్‌సభలో సొంత మెజారిటీ లేదు. ఎన్నికల ప్రణాళికలో కాంగ్రెసు రాసిందేంటిది? వంద రోజుల్లో ధరలు వెనక్కి తెస్తామని. గెలిచినంక చేసిందేంటిది? జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించిన్రు. జూలై 24న కొత్త బడ్జెట్టు, అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం. ఎరువుల ధర పెరిగింది. దేశం నడిచే దారి నెల రోజుల్లో మారింది. ఈ దారి ఏ ప్రణాళికలోనూ లేదు, ఏ ఊరి సభలోనూ చెప్పలేదు.

ప్రతిపక్షం అడ్డుకోలేదా అని అడుగుతరు. అదే ఏడాది నవంబరులో పీవీ నంద్యాల ఉపఎన్నికలో నిలబడ్డడు. తెలుగువాడు ప్రధాని అయిండని ఎన్‌టీఆర్ పోటీ పెట్టలేదు. తెలుగు గౌరవం మంచిదే. కాని అంత పెద్ద మార్పు మీద జనం తీర్పు చెప్పే ఒక్క అవకాశం గూడ ఆ గౌరవం కింద పోయింది.

ఆ బడ్జెట్టు వచ్చిన పదమూడు రోజులకు, ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపిన్రు. బడ్జెట్టు వల్ల చుండూరు జరిగిందని నేననను. కారంచేడు, చుండూరు రెండూ కరువు ఊళ్ళు గావు, కాలువ నీళ్ళతో పండే డెల్టా ఊళ్ళు. భూములున్నోళ్ళు డబ్బు చూసిన చోట్లనే కత్తులు లేచినయి. సంక్షోభంలో కోపం పెరుగుతదనే సిద్ధాంతం ఒక్కటి పట్టుకుంటే మన చరిత్ర సగమే అర్థమవుతది.

ఇప్పుడు అసలు కథకు వస్త. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడోళ్ళు సారా మీద తిరగబడ్డరు. చదువుల కేంద్రంలో కూర్చున్న కూలి ఆడోళ్ళు, అందులో మన వాడల ఆడోళ్ళే ఎక్కువ. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో కాంగ్రెసు సర్కారే సారా ఆపేసింది. 1994 డిసెంబరు ఎన్నికల్లో ఎన్‌టీఆర్ రెండు మాటలిచ్చిండు: కాంగ్రెసు కాలంలో పెరిగిన బియ్యం ధరను మళ్ళా రెండు రూపాయలకు తేవడం, సంపూర్ణ మద్యనిషేధం. తెలుగుదేశానికి 216 సీట్లు, కాంగ్రెసుకు 26. ఇంత స్పష్టమైన తీర్పు ఈ రాష్ట్రం అంతకుముందు ఇవ్వలేదనే నా అభిప్రాయం. దానికి ముందర నిలబడింది చదువురాని ఆడోళ్ళు.

ఇక్కడ మన ఉద్యమం సంగతి గూడ చెప్పుకోవాలె. అదే 1994లో కాన్షీరాం ఈ రాష్ట్రంలో జిల్లా జిల్లా తిరిగిండు. కారంచేడు, చుండూరు చూసిన యువకులు రాజ్యాధికారం అని పాటలు కట్టి, సైకిళ్ళేసుకొని ఊళ్ళు తిరిగిన్రు. బీఎస్పీకి ఒక్క సీటు గూడ రాలేదు. "మనోళ్ళే మనకు ఓటెయ్యలేదు" అని కొందరు ఏండ్ల తరబడి తిట్టుకున్నరు. ఆ తిట్టు తప్పు. ఇరవై ఏండ్లకు గెలిచే పార్టీ కోసం ఖాళీ కుండ ఆగదు. రేపు పొద్దున బియ్యం ఇచ్చేది ఎవరో, మగన్ని సారా దుకాణం కాడినుంచి లాగేది ఎవరో చూసి ఓటేసిన్రు. కష్టకాలంలో కొత్త పార్టీకి ఇది అన్నిచోట్లా ఎదురయ్యే గోడ. దీన్ని దాటే ఉపాయం వెతుక్కోవాలె గని, తల్లుల మీద కోపం తెచ్చుకుంటే ఏం లాభం?

సరే, తీర్పు వచ్చింది. తర్వాతేమైంది? తొమ్మిది నెలలు తిరగకముందే, 1995 ఆగస్టులో, ట్యాంక్‌బండ్ దగ్గర వైస్రాయ్ హోటల్లో ఎమ్మెల్యేలను కూడగట్టి ఎన్‌టీఆర్‌ను దించేసిన్రు. సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి. జనం ఓటేసింది ఒకరికి, కుర్చీ మీద ఇంకొకరు. 1996లో శ్వేతపత్రాలు వేసిన్రు: ఖజానా ఖాళీ, బియ్యం మీద ఇంత ఖర్చు, మద్యనిషేధంతో ఇంత నష్టం. తర్వాత కిలో బియ్యం మూడున్నర రూపాయలైంది. మనిషికి ఐదు కిలోలున్న కోటా నాలుగైంది. 1997లో మద్యనిషేధం ఎత్తేసిన్రు. 216 సీట్లిచ్చిన రెండు మాటలూ రెండున్నర ఏండ్లలో పోయినయి. మధ్యలో అసెంబ్లీ ఎన్నిక జరగలేదు. దూబగుంట ఆడోళ్ళను ఒక్కరూ అడగలేదు.

ఖజానా ఖాళీ అన్నది పచ్చి అబద్ధం అని నేననను. సర్కారు నిజంగనే ఇబ్బందిలో ఉండె. ఇంట్ల డబ్బు తక్కువైతే ఖర్చు తగ్గించుకుంటం, అది వింత గాదు. ఎవరి కంచం నుంచి తగ్గించాలనేది మాత్రం లెక్కల మాట గాదు, రాజకీయం. తాగుడు మీద ఆదాయం తెచ్చుకోవాల్నా, ఆస్తి ఉన్నోడి మీద పన్ను వెయ్యాల్నా? శ్వేతపత్రం మొదటి దాన్నే దారి అని చూపించింది. ఇప్పటికీ తెలుగు రాష్ట్రాలు రెండూ మద్యం ఆదాయం మీద కాళ్ళు పెట్టుకునే నిలబడ్డయి.

1998లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ పేరు మీద ఆర్థిక పునర్వ్యవస్థీకరణ అప్పు ఇచ్చింది. అప్పుతో షరతులొచ్చినయి. అదే ఏడాది విద్యుత్ సంస్కరణల చట్టం, 1999లో కరెంటు బోర్డును ముక్కలు చెయ్యడం, 2000లో చార్జీల పెంపు. అంతకుముందు కరెంటు రేటు మీద ఊళ్ళె ఎమ్మెల్యేను నిలదీసేది. ఇప్పుడు ఎమ్మెల్యే, "నా చేతుల ఏముంది, రెగ్యులేటరీ కమిషన్ నిర్ణయించింది" అనొచ్చు. నేను మొదట చెప్పిన గది ఇదే. 2000 ఆగస్టు 28న జనం చలో అసెంబ్లీ అన్నరు. ఇక్కడి నుంచి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్చిన్రు. ముగ్గురు చనిపోయిన్రు.

ఇదే కాలంలో పంచాయతీలు ఏమైనయో చూడండి. 73వ రాజ్యాంగ సవరణతో మనోళ్ళు రిజర్వేషన్ మీద సర్పంచులైన్రు. 1995లో గెలిచినోళ్ళ గడువు ఐదేండ్లు. మళ్ళ ఎన్నికలు జరిగింది 2001లో. 1997 నుంచి జన్మభూమి అన్నరు, ఊరి పనులకు అధికారులూ కమిటీలూ వచ్చినయి. అదే ఏడాది నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చిన్రు. ఆ సంఘంలో ఓటెవరికి? ఆయకట్టు కింద భూమి సాగుచేస్తున్నట్టు కాయితం మీద పేరున్నోనికే. చెరువు పూడిక తీసేటోడు మాల, మాదిగ. చెరువు సంఘంలో వానికి ఓటు లేదు. ఒక మనిషికి ఒక ఓటు అని అంబేడ్కర్ రాయించినదాన్ని ఎవరూ కొట్టెయ్యలేదు. దాని పక్కన ఇంకో సంఘం పెట్టి, పైసలూ పనులూ అక్కడికి మళ్ళించిన్రు.

2004లో ఓటు దెబ్బ కొట్టింది. తెలుగుదేశం 180 సీట్ల నుంచి 47కు పడింది. రాజశేఖరరెడ్డి ప్రమాణం చేసిన రోజునే ఉచిత కరెంటు మీద సంతకం పెట్టిండు. ఓటుకు బలం లేదనేటోళ్ళకు ఇది జవాబు. కాని గెలిపించింది ఎవరిని? 1991లో ఆ దారి వేసిన పార్టీనే. విద్యుత్ సంస్కరణల చట్టం రద్దు కాలేదు. ఉచిత కరెంటు బోరున్నోనికి అందింది. భూమే లేనోనికి బోరెక్కడిది? 2002లో నిజాం షుగర్స్‌లో సగం పైన వాటా ప్రైవేటుకు ఇచ్చింది తెలుగుదేశం. తర్వాత వచ్చిన ఏ సర్కారూ దాన్ని నిలబెట్టలేదు. 2015 చివర్ల బోధన్ ఫ్యాక్టరీకి తాళం పడ్డది. సర్కారు ఫ్యాక్టరీలో రిజర్వేషన్ ఉంటది, ప్రైవేటు ఫ్యాక్టరీలో ఉండదు. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మార్చకుండానే మన పిల్లల ఉద్యోగాలు పోవడానికి ఇంతకన్న సులువైన దారి లేదు.

పార్టీలు ఎందుకు ఒకే తీరుగ ఉన్నయని మీరు అడుగుతరు. దారి ముందే ఖరారైనప్పుడు పార్టీలకు మిగిలేది పథకాల పేర్లు, నాయకుల ఫొటోలు, ఎన్నికల రాత్రి కవర్లు. సభ్యులు చందాలిచ్చి నడిపే పార్టీ అయితే సభ్యులకు జవాబు చెప్పాలె. కాంట్రాక్టరు నడిపే పార్టీ కాంట్రాక్టరుకు చెప్తది. సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్లను కొట్టేసినంక లెక్కలు బయటపడ్డయి. ఈ హైదరాబాదులోనే ఉన్న ఒక నిర్మాణ కంపెనీ 966 కోట్ల రూపాయల బాండ్లు కొన్నది.

ఇట్ల దారి కనపడని కోపం ఎటుపోతది? జర్మనీలో 1928లో హిట్లర్ పార్టీకి పార్లమెంటులో 12 సీట్లు. తర్వాత ప్రపంచమంతా మాంద్యం వచ్చింది. జర్మనీలో దాదాపు 60 లక్షల మందికి పని పోయింది. 1932 జూలైలో అదే పార్టీకి 230 సీట్లు. పని ఎవరు పోగొట్టిన్రనే ప్రశ్నకు "యూదులు" అని జవాబు చెప్పిన్రు. పాతబస్తీలో ఉన్నోళ్ళకు ఇది విడమరిచి చెప్పాల్నా? 1990 డిసెంబరు అల్లర్లు చూసినోళ్ళు ఈ సభలోనే ఉన్నరు. కర్ఫ్యూ పడితే గంజ్ బంద్. బస్తా మోస్తేనే కూలి వచ్చే మనిషి హిందువైనా ముస్లిమైనా ఆ రోజు పస్తే. కుర్చీల కొట్లాట పైనోళ్ళది.

నిన్నమొన్నటి ముచ్చట గూడ ఒకటి చెప్త. 2016 నవంబరు 8 రాత్రి పెద్దనోట్లు చెల్లవన్నరు. నగదు మీద నడిచే ఇసొంటి బజార్లలో కూలి ఎట్ల ఆగిందో నాకన్న మీకే ఎరుక. నల్లడబ్బు పట్టుకుంటామన్నరు. నోట్లలో 99 శాతం పైన బ్యాంకులకు తిరిగొచ్చినయని రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. ఇంత పెద్ద నిర్ణయం ముందుగాల పార్లమెంటుకు చెప్పలేదు. 2023 జనవరిలో సుప్రీంకోర్టు నలుగురొకరుగా దాన్ని సమర్థించింది. ఒప్పుకోని ఆ ఒక్కరు న్యాయమూర్తి నాగరత్న. ఇది పార్లమెంటు చట్టంతో జరగాల్సిన పని అని ఆమె రాసింది. మనం ఊళ్ళళ్ళ చెప్పుకోవాల్సిన తీర్పు అది.

బయట దేశాల్లోనూ ఇదే. గ్రీసులో 2015 జూలై 5న అప్పుల షరతులు వద్దని నూటికి 61 మంది ఓటేస్తే, వారం తిరక్కముందే సర్కారు ఆ షరతులకు ఒప్పుకుంది. శ్రీలంకలో 2022లో పెట్రోలు, గ్యాసు లేక జనం తిరగబడితే అధ్యక్షుడు దేశం విడిచి పారిపోయిండు. మరుసటేడు మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలను "పైసల్లేవు" అని వాయిదా వేసిన్రు. చూసిన్రా, ఎన్నికే ఖర్చు కింద లెక్కకొచ్చింది. అయితే అక్కడ ఇంకోటి గూడ జరిగింది. 2020లో మూడే సీట్లున్న కూటమి, జనం వీధుల్లకొచ్చిన రోజుల్ల వాళ్ళ మధ్యనే ఉండి, 2024లో 225 సీట్లలో 159 గెలిచింది. 1994 గోడను గురించి ఇందాక చెప్పిన. అది ఎప్పటికీ దాటరానిది గాదు.

అంబేడ్కర్ అర్థశాస్త్రం చదివినాయన. డాక్టరేటు పుస్తకం రూపాయి సమస్య మీదనే. 1947లో రాసిన 'రాష్ట్రాలు – మైనారిటీలు'లో ఆయన అడిగింది రిజర్వేషన్లు ఒక్కటే గాదు. వ్యవసాయ భూమి, బీమా, కీలక పరిశ్రమలు రాజ్యం చేతిల ఉండాలని, ఆ సంగతి మామూలు చట్టంలో గాకుండా రాజ్యాంగంలోనే రాయాలని అడిగిండు. ఎందుకు? ఇవాళ ఒక మెజారిటీ ఇచ్చింది రేపు ఇంకో మెజారిటీ తీసెయ్యొద్దని. రాజ్యాంగ సభ అంతదూరం పోలేదు. పోనందుకే బియ్యం ధర ఎవరొస్తే వాళ్ళు మార్చే అంకె అయింది.

చివరికి సంగారెడ్డి దిక్కునుంచి వచ్చిన ఒక చెల్లె చీటీ పంపింది: "రేషన్ బియ్యం ఉచితమే. 2025 ఉగాది నుంచి సన్నబియ్యం గూడ ఇస్తున్నరు. ఇంకేం కావాలె అని మా ఊళ్ళె అంటున్నరు. ఏం చెప్పాలె?" మంచి ప్రశ్న. చెల్లే, సన్నబియ్యం తీసుకోమను, మొహమాటం వద్దు. 1983 నుంచి వేసిన ఓట్ల కూలి అది. తర్వాత 2013 ఆహార భద్రత చట్టం తీసి చూడమను. కిలో బియ్యం మూడు రూపాయలు అని షెడ్యూలులో రాసింది మొదటి మూడేళ్ళకే. ఆ తర్వాత ధరను కేంద్ర సర్కారు నిర్ణయించొచ్చని అక్కడనే ఉంది. ఇప్పుడు ఉచితం అన్నది ఆ సర్కారు తీసుకున్న నిర్ణయం, దానికి గడువుంది. 1996లో కోటా కోసిన కత్తి ఇంకా ఒరలోనే ఉంది.

ఇంకొకటి. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం 2013లో వచ్చింది. తెలంగాణలో 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టమైంది. జనాభా వాటా ప్రకారం సొమ్ము పెట్టాలె, ఖర్చు కానిది తర్వాతి ఏడాది కలపాలె అని అందులో ఉంది. సర్కారుకు పైసల కటకట వచ్చినప్పుడు మొదట ఆగేది ఈ పద్దే. కాబట్టి మీ మండలానికి ఎంత రాసిన్రు, ఎంత వచ్చింది, దేనికి పెట్టిన్రు అని సమాచార హక్కు కింద అడగండి. తెల్లకాయితం చాలు. గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండలంలో ఐదు రూపాయలు, పైన పది. రాయడం రానోళ్ళు నోటితో చెప్తే రాసుకోవడానికి సాయం చేయాల్సింది ఆ అధికారే. జవాబుకు ముప్పై రోజులు గడువు. వచ్చిన జవాబులు, రాని జవాబుల సంగతీ ఈ పత్రికకు పంపండి, జిల్లాలవారీగ అచ్చువేస్తరు.